పళ్ల సెట్టు లోపల పేరు

పళ్ల డాక్టరు గది. వెనక్కి వాలిన కుర్చీలో ఉన్న పెద్దావిడ రెండేళ్ల క్రితం దాకా ఈ డాక్టరమ్మకి అత్తగారు. ఇప్పుడు ఏమవుతుందో చెప్పడానికి ఒక మాటంటూ లేదు. ఉన్నా ఆ మాట వాడే ఉద్దేశం డాక్టరమ్మకి లేదు.

“…అదే అంటున్నా. బోర్డు మొత్తం పీకెయ్యమన్నామా ఏంటి? ఇంటిపేరు ఒక్కటీ గీకిస్తే సరిపోతుందిగా.”

“నోరు పెద్దగా తెరవండి.”

“మాట తప్పించకు.”

“తప్పించడం కాదు అమ్మగారూ. మైనం మెత్తబడిపోతోంది. ఈ పై వరస ఎక్కించనివ్వండి, తర్వాత తనివితీరా మాట్లాడుదురుగాని.”

“అమ్మగారేంటే, అమ్మగారు? నేనేమన్నా పనిమనిషిని పెట్టుకున్న యజమానురాలినా?”

“కుర్చీలో కూర్చున్న ఆడవాళ్లందర్నీ అలాగే అంటాను. మరేమనమంటారు? జడ్జిగారు మీ అబ్బాయితో పాటు అత్తయ్య అనే మాటని కూడా కొట్టేశారుగా.”

“వాగుడు తగ్గలేదు నీకు.”

“తెరవండి. ఇంకొంచెం. ఆఁ. ఇప్పుడు కింది వరస. నాలుక పైకెత్తండి. దింపండి. సరే, ఇప్పుడు కొరికి పట్టుకోండి. అంత గట్టిగా కాదు, నా మీద కోపం పళ్ల మీద చూపించకండి. అంతే. నేను వదలమనేదాకా వదలకూడదు.”

“ఊఁ?”

“మాట్లాడకూడదు కూడా. ఇవి ఇంకా మైనంలో గుచ్చిన పళ్లే, అసలు సెట్టు కాదు. ఇప్పుడు కదిపారంటే వంకర పోతాయి. ఆదివారం పెళ్లి ఫోటోలో ఆ వంకర పళ్లతోనే నవ్వాల్సొస్తుంది.”

“ఊఁ.”

“ఇప్పుడు నేను మాట్లాడతా. ఎన్నేళ్లకి దొరికిందండీ ఈ అవకాశం! మీరు నోరు మూసుకుని ఉండటం, నేను మాట్లాడటం. దీని కోసమైనా పళ్ల డాక్టరు చదవొచ్చు.”

“ఊఁహూఁ…”

“కదపకండి! ఇది మూడోసారి మీరు రావడం. మొదటిసారి వచ్చినప్పుడు నిజంగా పళ్ల కోసమే అనుకున్నా. ఇంత ఊళ్లో వేరే డాక్టర్లే లేరా అంటే ఏమన్నారూ? ‘నా నోరు నీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు’ అన్నారు. నిజమే, ఆ నోరు నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు. రెండోసారి అచ్చు తీసేటప్పుడు మీ అబ్బాయి రెండో పెళ్లి కబురు చెప్పారు. శుభం అన్నాను. ఇవాళ అసలు సంగతి బయటపడింది. బోర్డు! అమ్మగారూ, ఆ బోర్డు రాయించింది ఎవరు?”

“ఊ…”

“మీరే. ఈ గది తెరిచిన రోజు గుర్తుందా? పొద్దున్నే పెయింటరు వచ్చి నా పేరు రాసేశాడు. ఇంటిపేరుతో సహా, మా నాన్న ఇంటిపేరుతో. డిగ్రీ ఆ పేరుతోనే ఉంది కాబట్టి. నేను లోపల సామాను సర్దుకుంటున్నా. బయట ఏదో కిరసనాయిలు కంపు. వచ్చి చూస్తే ఏముంది, పెయింటరు నిచ్చెన మీద, మీరు నిచ్చెన కింద. వాడు గుడ్డతో మా ఇంటిపేరు తుడిచేస్తున్నాడు, మీరు కింద నుంచి వేలు పెట్టి చూపిస్తున్నారు. ‘ఇంకా కనపడుతోంది, గట్టిగా రుద్దు’ అని.”

“ఊఁ.”

“ఏంటండీ ఇది అంటే, ‘మా ఇంట్లో అన్నం తింటూ మీ నాన్న పేరు పెట్టుకుంటావా’ అన్నారు. నేను ఏడ్చాను. మీ అబ్బాయి ఎదురుగా నిలబడి వాచీ చూసుకున్నాడు. ఎందుకంటే కోర్టుకి టైమైపోతోంది. పెద్ద ప్లీడరు కదా! కట్టుకున్నదాని తరఫున ఒక్క వాయిదాకి కూడా రాని ప్లీడరు. అక్కడితో ఆగారా మీరు? డాక్టర్ అని ఉన్న చోట పక్కనే శ్రీమతి కూడా పెట్టించారు. డాక్టర్ శ్రీమతి! డాక్టర్ అని ఉన్నాక మళ్లీ ఆ శ్రీమతి ఎందుకండీ అంటే… సరే, వదలండి. తీసేస్తున్నా. జవాబు చెప్పండి, ఏమన్నారు అప్పుడు?”

“అబ్బా… దవడలు పట్టేశాయి. ఏమన్నానూ? పెళ్లైందో లేదో వచ్చేవాళ్లకి తెలియాలిగా అన్నా. అందులో తప్పేముంది?”

“పన్ను పీకించుకోడానికి వచ్చేవాడికి నా పెళ్లితో ఏం పని?”

“ఒంటరి ఆడది గదిలో కూర్చుని మగాళ్ల నోళ్లు చూస్తుంటే లోకం నాలుగు మాటలంటుంది. ఆ రోజులు అలాంటివి.”

“మరి మీ అబ్బాయి బోర్డు మీద పెళ్లైందని ఎక్కడైనా ఉందా? వాడి దగ్గరికీ ఆడవాళ్లు వచ్చేవాళ్లుగా. విడాకుల కోసం వచ్చిన వాళ్లతో తలుపులేసుకుని మరీ మాట్లాడేవాడు. ఆ బోర్డు మీద రాయించాల్సింది అప్పుడే, ‘పెళ్లైంది, జాగ్రత్త’ అని.”

“సరేలే. అయిపోయినవన్నీ తవ్వుకుంటూ కూర్చుంటే ఏమొస్తుంది?”

“తవ్వుతున్నది నేనా? ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూడండి, మీరు రుద్దించిన చోట మా నాన్న ఇంటిపేరు ఇప్పటికీ లీలగా కనిపిస్తుంది. అంత రుద్దించినా పోలేదు.”

“చూశా.”

“ఎప్పుడు?”

“ఇందాక వచ్చేటప్పుడు. ఆ సంగతి వదిలెయ్. ఇదిగో, మర్చిపోతానేమో. ఈ పళ్ల సెట్టు లోపల పేరు వేస్తారటగా? పైకి కనపడకుండా?”

“ఎవరు చెప్పారు మీకు?”

“ఎవరో అన్నార్లే. వేస్తారా వెయ్యరా?”

“అడిగితే వేస్తాం. చిగుళ్ల రంగు ప్లాస్టిక్కు పోసేటప్పుడు లోపల చిన్న పట్టీ పెట్టి మూసేస్తారు. ఒకరివి ఇంకొకరివితో మారిపోకుండా. మీకెందుకు? మీ ఇంట్లో కట్టుడు పళ్లు మీవొక్కరివేగా.”

“వేస్తే నీ సొమ్మేం పోయింది?”

“ఆహా! నా బోర్డు మీద నుంచి పీకిన పేరు తీసుకెళ్లి నోట్లో దాచుకుందామనా? ఇంటిపేరంటే ఇంత పిచ్చేంటండీ మీకు? గోడ మీదా అదే, గేటు మీదా అదే, ఇప్పుడు చిగుళ్ల కింద కూడానా?”

“నీ మొహం. నేను అడిగిందేంటి, నువ్వు అనేదేంటి.”

“మరేంటో చెప్పండి.”

“ఏంలేదు. ముందు బోర్డు సంగతి తేల్చు.”

“తేల్చడానికేముంది? తియ్యను.”

“వాడు కాగితం పంపిస్తానంటున్నాడు. నోటీసో ఏదో.”

“పంపించమనండి. కట్టుకున్నప్పుడు బలవంతంగా అంటించి, విడిపోయాక బలవంతంగా పీకెయ్యమని ఏ చట్టంలో ఉందో నేనూ చూస్తా. అయినా అంత కంగారేంటి? విడిపోయి రెండేళ్లైనా ఆ బోర్డు అక్కడే ఉంది. రోజూ దాని కింద నుంచే కారులో వెళ్తున్నాడు. అప్పుడు గుచ్చుకోలేదే!”

“వాడికి కాదులే. ఆ అమ్మాయికి.”

“కొత్తావిడకా?”

“ఆఁ. అదే వీధి కదా. కొత్తగా వచ్చిన పిల్లని ఎవరో ఒకరు అడుగుతారుగా, ఆ పళ్ల డాక్టరు మీకేమవుతుందీ అని. తన మొగుడి ఇంటిపేరుతో ఇంకో శ్రీమతి బోర్డు అదే వీధిలో ఉంటే బాగుండదంటోంది.”

“పోనీ ఆవిడ బాధ కొంచెం అర్థమైంది. ఇల్లాలిగా వస్తోంది, ఆ పేరు తన ఒక్కదానికే ఉండాలనుకుంటోంది…”

“ఉండాలని కాదు.”

“మరి?”

“ఆ అమ్మాయి… తన ఇంటిపేరు మార్చుకోదట.”

“ఏంటీ?”

“పుట్టింటి పేరే ఉంచుకుంటుందట. ఉద్యోగంలో అదే ఉందట. శ్రీమతి అని కూడా రాసుకోదట. వాళ్ల ఆఫీసులో అలాంటివి లేవట.”

“ఒక్క నిమిషం ఆగండి. ఆవిడ మీ ఇంటిపేరు పెట్టుకోదు.”

“పెట్టుకోదు.”

“నన్ను మాత్రం ఉంచుకోనివ్వదు.”

“అదే అంటోంది.”

“మీరేమన్నారు? ఆవిడ అలా చెప్పినప్పుడు మీరేమన్నారండీ? కిరసనాయిలు గుడ్డ పట్టుకుని వెళ్లారా వాళ్ల ఆఫీసుకి?”

“నేనేమంటాను? కాలం మారింది కదమ్మా అన్నాడు వాడు. సరే అన్నా.”

“కాలం మారిందా! ఎంత బాగా మారిందండీ! నేను మీ ఇంట్లో ఉన్నన్నాళ్లూ కదలకుండా కూర్చుని, నేను గేటు దాటగానే మారిపోయిందా? ‘సరే’ అన్నారా? ఆ ఒక్క ‘సరే’ నాకు అన్నారా ఎప్పుడైనా? పెళ్లికి ముందు మా నాన్న మీ వాకిట్లో నిలబడి అడిగారు. పిల్ల కష్టపడి చదువుకుంది, పేరు మాత్రం ఉండనివ్వండి అని. ఇంట్లోకి రమ్మని కూడా అనలేదు ఆయన్ని. అక్కడే నిలబెట్టి, ‘అయితే పిల్లని కూడా మీ దగ్గరే ఉంచుకోండి’ అన్నారు!”

“అరవకు. బయట మనుషులున్నారు.”

“విననివ్వండి. వాళ్లందరూ ఆ బోర్డు చూసే వచ్చారు. ఈ చుట్టుపక్కల ఎవరికి పన్ను నొప్పొచ్చినా ఏమనుకుంటారో తెలుసా? మీ ఇంటిపేరు చెప్పి, చివర డాక్టరమ్మ అంటారు. నా అసలు పేరు వాళ్లలో సగంమందికి తెలీదు. అది మీ అబ్బాయి పేరు కాదు ఇప్పుడు. వాడి బోర్డు చూసి ఎవరూ ఈ వీధిలోకి రారు. ఆ పేరుకి ఈ వీధిలో ఉన్న మర్యాద నేను ఒక్కొక్క పన్నూ పీకి సంపాదించింది. ఇష్టపడి పెట్టుకోలేదు, నిజమే. నిజం చెప్పనా? ఆ పేరంటే నాకు అసహ్యం. పొద్దున్నే తాళం తీసేటప్పుడు తలెత్తి చూడను కూడా. కానీ పక్కన చెప్పుల షాపు వాడు కొత్త బోర్డు పెట్టాడో లేదో, పాత షాపు ఎత్తేశారనుకుని జనం రావడం మానేశారు. ఇప్పుడు నేను పేరు మారిస్తే డాక్టరమ్మ వెళ్లిపోయిందనుకుంటారు. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలా? ఈ వయసులో?”

“పుట్టింటి పేరు పెట్టుకో. కిందే ఉందిగా, ఇంకా పోలేదుగా.”

“అదీ అయింది.”

“ఏమయింది?”

“ఏం లేదు. తల వెనక్కి వాల్చండి.”

“ఏమయిందో చెప్పు.”

“విడాకులైన కొత్తలో నాకే అనిపించింది, తీసేసి మా పేరు పెట్టుకుందామని. మా అన్నయ్యతో అన్నా. ఇదే కుర్చీలో కూర్చుని ఉన్నాడు, పన్నుకి సిమెంటు పెట్టించుకుంటూ. లేచి కూర్చున్నాడు. ‘ఇప్పుడెందుకమ్మా అవన్నీ, నా పిల్లలు పెళ్లికి ఎదిగారు, మా ఇంటిపేరుతో బోర్డు కనపడితే వచ్చినవాళ్లు ఎవరీవిడ, ఎందుకు తిరిగొచ్చేసిందని అడుగుతారు’ అన్నాడు. మా ఇంటిపేరు అన్నాడండీ. మన అనలేదు.”

“మీ వదిన అనిపించి ఉంటుంది.”

“మా వదిన పేరు ఎత్తకండి. ఆవిడది కూడా అరువు పేరే కదా, పాపం. అదీ సంగతి. ఇచ్చినవాళ్లు తిరిగి తీసుకోరు. తీసుకున్నవాళ్లు ఉంచుకోనివ్వరు. నేనేం చెయ్యాలి? బోర్డు మీద ఒక పన్ను బొమ్మ వేయించి ఊరుకోవాలా?”

“పిల్లలుంటే వాళ్ల కోసమైనా ఉంచుకుందనేవాళ్లు…”

“అదొక్కటే తక్కువైంది. అది కూడా అనేశారుగా, ఇంక కడుపు నిండింది. నోరు తెరవండి.”

“ఆ ఉద్దేశంతో అనలేదే.”

“మీరు ఏ ఉద్దేశంతోనూ ఏదీ అనరు. మాటలు వాటంతటవే వచ్చి తగులుతాయి. తెరవండి, పక్కన ఒక పన్ను ఎత్తుగా ఉంది, సరి చెయ్యాలి.”

“ఆఁ… ఫోను… నా ఫోను మోగుతోంది. సంచీలో. అదిగో, ఆ సంచీ ఇలా అందుకో.”

“మీ అబ్బాయా?”

“ఆఁ. … హలో. ఇక్కడే ఉన్నా. కుర్చీలోనే. … అడిగాన్రా. అడుగుతూనే ఉన్నా. … ఊఁహూఁ. వినేట్టు లేదు. … ఎన్నిసార్లు అడగమంటావు? కాళ్లు పట్టుకోమంటావా? … నువ్వొచ్చి మాట్లాడతావా? మాట్లాడవుగా. మరి. … ఊఁ. … ఊఁ. సోమవారమేనా? … అలాగే. అలాగేలేరా, నేనేమన్నా ఏడుస్తున్నానా? … సామాను ఏముంది, ఒక పెట్టె. … ఉంటా.”

“ఏమంటాడు?”

“అయిందా అంటున్నాడు.”

“ఏది? పళ్లా, బోర్డా?”

“రెండూ.”

“సోమవారం ఏంటి?”

“ఏదో పనుంది.”

“పెట్టె ఏంటి?”

“నీకెందుకు? ఇంటి విషయాలు. పన్ను ఎత్తుగా ఉందన్నావు, చూడు.”

“చూస్తున్నా. నాకెందుకులెండి, నిజమే. ఇంటి విషయాల్లో నేను మాట్లాడటం ఎప్పుడో మానేశాను. ఉన్నప్పుడు కూడా మాట్లాడనిచ్చింది లేదు. … సరి చేసి మళ్లీ పెట్టాను, ఇప్పుడు కొరకండి. ఎలా ఉంది?”

“బాగుంది. తేలిగ్గా ఉంది. శనివారానికి ఇచ్చేస్తావుగా?”

“ఇస్తాను. ఇక్కడి నుంచి ఇవాళే పళ్లు చేసే ల్యాబుకి పంపిస్తే రెండు రోజుల్లో తయారు చేసి ఇస్తారు. ఫోటోల్లో మెరిసిపోతారు.”

“పేరు వేయించి ఇస్తావుగా?”

“మళ్లీ మొదలెట్టారూ! సరే, వేయిస్తా. ఎటూ మీ అబ్బాయికి బోర్డు ఇవ్వలేదు, మీకు ఇదైనా ఇస్తా. ముందు మాట చూద్దాం. ఈ పళ్లతోనే ఏదైనా పలకండి, గాలి పోతుందో లేదో తెలుస్తుంది.”

“ఏం పలకను?”

“మీ పేరు చెప్పండి. అందరి చేతా అదే చెప్పిస్తాను. ఎవరికైనా తడుముకోకుండా నోటికొచ్చే మాట అదేగా. చెప్పండి. … ఏంటీ? ఇంకోసారి. … మాట చక్కగా వస్తోంది, గాలి పోవడం లేదు. కానీ ఇదెవరి పేరండీ?”

“నాదే.”

“మీ పేరు అది కాదుగా!”

“అదే నా పేరు.”

“ఇన్నేళ్లు కోడలిగా చేశాను, ఆ మాత్రం తెలీదా? కోర్టులో నా మీద సాక్ష్యం చెప్పడానికి బోనెక్కారే, అప్పుడు కూడా వేరే పేరే చెప్పారు. ప్రమాణం చేసి మరీ.”

“ఆ రోజు చెప్పింది ఆ ఇంట్లో పెట్టిన పేరు. మీ మామగారి అమ్మ పెట్టింది. నేను పెళ్లై వెళ్లేటప్పటికే ఆ ఇంట్లో నా పేరుతోనే ఆడపడుచు ఉంది. ఒకళ్లని పిలిస్తే ఇద్దరం పలికేవాళ్లం. ఇలా అయితే కష్టమని మూడోరోజే నా పేరు మార్చేశారు.”

“ఆవిడ పెళ్లి చేసుకుని వెళ్లిపోయేదేగా. కొన్నాళ్లు ఆగొచ్చుగా.”

“ఆ మాట నాకూ నోటిదాకా వచ్చింది. ఎవరితో అంటాను? కొత్త పేరుతో పిలిస్తే నన్ను కాదనుకుని వెనక్కి తిరిగి చూసేదాన్ని కూడా కాదు. కోడలికి పొగరు, పిలిస్తే పలకదు అన్నారు. పలకడం నేర్చుకున్నా. తర్వాత ఆ ఆడపడుచు వెళ్లనే వెళ్లిపోయింది. అక్కడ అత్తవారు ఆవిడ పేరు కూడా మార్చేశారు. ఇంక ఆ పేరు పెట్టుకున్నవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. అయినా నాది నాకు ఎవరూ తిరిగివ్వలేదు. మా అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్లు కూడా లేకుండా పోయారు.”

“ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం?”

“నువ్వెప్పుడు అడిగావు?”

“అడగలేదు. నిజమే. అయినా… ఇంత జరిగి, ఆ బాధేంటో తెలిసి కూడా, నాకెందుకు చేశారండీ? నిచ్చెన కింద నిలబడి గట్టిగా రుద్దు, గట్టిగా రుద్దు అని…”

“తెలుసు కాబట్టే.”

“అంటే?”

“నేను ఒళ్లంతా ఇచ్చుకుంటే ఇది చిటికెనవేలు ఇవ్వడానికి ఏడుస్తోందేంటి అనిపించింది. ఒళ్లు మండింది. నా పేరు మొత్తం ఊడ్చేశారు, నీది సగమేగా మార్చమన్నాం. డాక్టరువి, చదువుకున్నదానివి. నీ పేరు నీకు ఉంటే నాకు ఇన్నాళ్లూ లేకుండా పోయింది కదా, మరి దానికెవరు జవాబు చెబుతారు? అదే నా కడుపుమంట. న్యాయం కాదు. కాదని అప్పుడూ తెలుసు.”

“తెలిసే చేశారు.”

“తెలిసే చేశా. ఏం చెయ్యమంటావు ఇప్పుడు? ఇంత మైనం నోట్లో పెట్టుకుని ఏడవమంటావా?”

“వద్దులెండి, కరిగిపోతుంది. … తీసేస్తా, తెరవండి. ఆఁ. లేచి కూర్చోండి. పుక్కిలించి ఉమ్మండి. మీ పాత పేరు వేయించాలి, అంతేగా? ఇంటిపేరు కూడా వెయ్యనా?”

“ఇంటిపేరు వద్దు.”

“వద్దా! మీరేనా ఆ మాట అంటున్నది?”

“వద్దన్నానుగా. ఒట్టి పేరు చాలు.”

“సరే మీ ఇష్టం. నాకు అర్థంకానిది ఒకటే. ఆ పేరు మీ ఇంట్లో ఎవరికీ తెలీదు. రేపు ఎక్కడో పెట్టి మర్చిపోతే, పేరు చూసి ఇవి ఎవరివని మీ అబ్బాయే అడుగుతాడు. ఇంక వేసి ఏం లాభం?”

“ఇంట్లో కాదే.”

“ఇంట్లో కాకపోతే?”

“అక్కడ పడుకునేటప్పుడు అందరి పళ్లూ తీయించి, కడిగి, ఒకే బల్ల మీద వరసగా పెడతారట. పొద్దున్నే ఎవరివి వాళ్లు తీసుకోవాలి. మారిపోయి గొడవలవుతున్నాయని, పేరు లేని సెట్టు తేవద్దని ముందే చెప్పారు.”

“ఎక్కడండీ?”

“పెద్దవాళ్లని పెట్టుకునే చోటుందిగా, ఊరి చివర, బస్సుల షెడ్డు దాటాక. పెళ్లి ఆదివారం. సోమవారం పొద్దున్న దింపి వస్తాడు. గది చూసొచ్చా. పర్వాలేదు, కిటికీ ఉంది.”

“అత్తయ్యా…”

“అమ్మగారు ఏమైపోయింది?”

“ఇంత మాట మనసులో పెట్టుకుని, పెళ్లి ఫోటోల కోసమని…”

“ఫోటోల కోసమని నువ్వే అనుకున్నావు, నేను అనలేదు. మొహం అలా పెట్టకు. అక్కడ నన్ను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఫలానా వారి భార్య, ఫలానా వాడి తల్లి, ఏమీ తెలీదు. నీ పేరేంటమ్మా అంటే ఏది చెబితే అదే పిలుస్తారు. కొత్త చోటికి వెళ్లిన ఆడదానికి పేరు మార్చడం మామూలేగా. ఈసారి నేనే మార్చుకుంటున్నా.”

“ఆ ఇల్లు మీది కదా! మామయ్యగారు కట్టించింది కదా!”

“ఇంటిపేరు నాకు ఇచ్చారు. ఇల్లు వాడికి రాశారు.”

“ఎవరన్నారు అసలు? మీ అబ్బాయేనా? అంత పని చేస్తాడా?”

“ఆ అమ్మాయి రెండు విషయాలు చెప్పింది. వీధిలో నీ బోర్డు ఉండకూడదు, ఇంట్లో నేనుండకూడదు. రెండూ అంటే కష్టం, కనీసం ఒక్కటైనా జరగాలి అంది. ‘అమ్మా, బోర్డు పని నువ్వు చేసుకురా, నీ సంగతి నేను సర్ది చెబుతా’ అన్నాడు వాడు. అందుకే నీ దగ్గరికి తరిమాడు.”

“అంటే… బోర్డు మీద పేరు నేను తీసేస్తే మీరు ఇంట్లోనే ఉంటారు.”

“ఉండేదాన్ని. వెనక గదిలో.”

“నేను తియ్యనంటే…”

“ఇందాక ఫోన్లో విన్నావుగా. సోమవారమే అన్నాడు.”

“మూడుసార్లు వచ్చారు అత్తయ్యా! మూడుసార్లు ఈ కుర్చీలో కూర్చుని నా చేత నానా మాటలూ అనిపించుకున్నారు. ఒక్కసారి, ఒక్కసారి ఈ ముక్క చెప్పి ఉంటే, ఇంకో మాట మాట్లాడకుండా పెయింటర్ని పిలిచి నిచ్చెన వేయించేదాన్నిగా!”

“వేయిస్తావనే చెప్పలేదు.”